నలభై రెండు సెకన్లు

రాణీగంజ్‌లో బేరింగుల దుకాణం పక్కన
ఇనుప మెట్లెక్కితే రెండో అంతస్తు.
ఇరవై మూడేళ్ల డేటాబేస్‌కి
ఇంకో గడి కలపడం నా పని.
కలపడానికి రెండు నిమిషాలు,
సేవ్ నొక్కాక నలభై రెండు సెకన్లు.
ఊరికే అనడం లేదు, లెక్కపెట్టాను.

బటన్‌ని వెంట్రుకవాసి జరిపినా నలభై రెండే.
తెర మీద చక్రం తిరుగుతుంటుంది,
కింద కౌంటర్ దగ్గర బేరింగు తిప్పి చూపిస్తుంటాడు కుర్రాడు.
అవతలి సీట్లో ఎస్తేరు ఫోన్లో చెల్లెలితో
కీసర దగ్గర ప్లాటు గురించి.
సేవ్‌కి ఒక ముక్క చొప్పున
గజం ధర దాకా వచ్చింది కథ.

మూడు వందల ఎనభై ఫారాలు.
"పాతది", "పాతది కొత్తది", "దీన్ని ముట్టుకోవద్దు".
ముట్టుకోవద్దన్నదాన్నే అందరూ ముట్టుకున్నారు.
మొదట కట్టినాయన నయీముద్దీన్,
నేను చూడలేదు.
కోడ్ మధ్యలో ఒక మాట రాసిపెట్టి పోయాడు:
"ఇక్కడ రెండుసార్లు ఎందుకు కూడానో లోయా సేఠ్‌ని అడగండి."
అడిగాను.
"నయీంకే తెలుసు," అన్నాడు సేఠ్.

ముందు అందరూ చేసేదే చేశాను.
ఫైలుని పరుపులా దులిపి కుదించాను.
సగానికి సగం దిగింది ఒళ్లు,
సేవ్ మాత్రం నలభై ఒకటి.
సర్వర్ మీదున్నదాన్ని నా మిషన్‌లోకి దించుకున్నాను,
ముప్పై మూడు.
పేరు మారితే వెంటబడి దిద్దే సదుపాయం ఒకటుంది,
గడికో కాపలావాడు, కాపలావాడికో చిట్టా.
అందర్నీ ఇంటికి పంపాను. ఇరవై ఆరు.

ఆ మధ్యాహ్నం లోడు దిగుతోంది.
యాదగిరి షట్టరు సగం ఎత్తి
కింద ఇటుక నిలబెట్టాడు.
"పెట్టెకోసారి తీసి ఏస్తే నడుం పోతది మేడం."

పైకొచ్చి నేనూ ఒక ఇటుక పెట్టాను.
ఒకే ఒక్క వరుసున్న బుల్లి టేబుల్,
పొద్దున తెరిస్తే సాయంత్రం దాకా మూయను.
తాళం ఫైలు పుట్టడం, చావడం,
మళ్లీ పుట్టడం ఆగింది.
పదకొండు.

పదకొండు దగ్గర రెండు రోజులు మొండికేసింది.
ఎస్తేరు బ్యాంకు లోను దగ్గరికొచ్చింది.

వేరే పని మీద ప్రింటర్ల జాబితా తెరిచాను.
అన్నిటికన్నా ముందుగా, టిక్కు పెట్టుకుని,
"అకౌంట్స్ గది, డాట్ మ్యాట్రిక్స్".

ఆ గది లేదు.
గోడ కొట్టేసి రెండేళ్లు, అక్కడిప్పుడు గ్రీజు డబ్బాలు.
ప్రింటర్ని తూకానికి అమ్మింది తనేనని యాదగిరి ఒప్పుకున్నాడు,
వచ్చిన డబ్బు ఎంతో చెప్పలేదు.

అంటే సేవ్ నొక్కిన ప్రతిసారీ నా ఫారం
లేని గది దాకా నడిచివెళ్లి
లేని తలుపు కొడుతోంది.
నీ కాగితం వెడల్పెంత?
అంచు ఎంత వదలను?
లేదని ఎవరైనా చెబితే సెకను పట్టదు.
చెప్పేవాళ్లు కూడా లేరు కాబట్టి
నిలబడి, నిలబడి,
తిరిగొస్తోంది నా దగ్గరికి.

టిక్కు తీసి, ఈ మిషన్‌లోనే ఉండే
ఉత్తుత్తి ప్రింటర్‌కి పెట్టాను.
సేవ్.
వేలు ఎత్తేలోపు అయిపోయింది.
నమ్మక మళ్లీ నొక్కాను.
మళ్లీ.

సేఠ్‌కి చెబితే కళ్లద్దాలు తుడుచుకుని
"టైం తగ్గింది కదా, బిల్లు కూడా తగ్గుతదా?"
నవ్వాడో లేదో తెలీలేదు.

సాయంత్రానికి పద్నాలుగు ఫారాలు సర్దేశాను,
ఎక్కడా తల ఎత్తలేదు.
జేమ్స్ స్ట్రీట్ మీదుగా లోకల్ రైలు
ఎప్పుడు పోయిందో గమనించలేదు.
ఎస్తేరు బ్యాగు సర్దుకుంటోంది, మొహం వెలుగుతోంది.
రిజిస్ట్రేషన్ అయిందా,
లేక ఇంకేదైనానా,
ఆ ముక్క వినేలోపే
సేవ్ అయిపోయింది.